నాలుగు వేళ్ళు

"మళ్ళీ వేళ్ళేనా కోచ్?" అని నీరసంగా అడిగాడు అసిస్టెంట్ కోచ్ టకర్.

"అడుగుతావేంటి? ఆ వచ్చేవాడు గిడ్రీయా, కాదా?" అంటూ లేచి, అంపైరుకేసి నాలుగు వేళ్ళు ఎత్తి చూపించాడు హట్టో.

అంతే. బేస్‌బాల్‌లో ఆ సైగ చేస్తే బ్యాటు పట్టినవాడికి ఒక బేసు ఉచితం; ఇక బంతి వెయ్యనక్కర్లేదు, కొట్టనక్కర్లేదు. వేలన్ గిడ్రీ బ్యాటు కింద పడేసి, విందు భోజనానికి వెళ్తున్నంత తాపీగా ఫస్ట్ బేస్‌కి నడిచాడు. ఇవాళ్టికి ఇది మూడోసారి. గ్యాలరీల్లో గిడ్రీ జట్టు ఊదారంగు చొక్కాల జనం "పిరికి హట్టో! పిరికి హట్టో!" అని పాట కట్టి పాడుతున్నారు.

పాడుకోనీ అనుకున్నాడు హట్టో. వాళ్ళకేం, వాళ్ళ ఉద్యోగాలు గట్టిగానే ఉన్నాయి. ఇన్నేళ్ళ కోచింగులో హట్టో తన కాలేజీ జట్టుని ఒక్కసారి కూడా దేశంలోని కాలేజీ జట్లన్నీ కలలుగనే ఒమాహా ఫైనల్స్‌కి తీసుకెళ్ళలేదు. ఈసారి కూడా తీసుకెళ్ళకపోతే ఇంకో ఉద్యోగం చూసుకోమని కాలేజీ పెద్దలు కాఫీ పోసి మరీ చెప్పారు. శుక్రవారం గిడ్రీ జట్టు గెలిచింది, శనివారం హట్టో జట్టు గెలిచింది. ఈ ఆదివారం గెలిచినవాళ్ళదే ఒమాహా.

అడ్డమల్లా ఆ గిడ్రీయే. పోయినేడు ఇదే మైదానంలో మూడు హోమ్ రన్లు బాదాడు. మూడోది కంచె దాటి వెళ్ళి హట్టో జట్టు బస్సు అద్దం పగలగొట్టింది. మొన్న శుక్రవారం ఇంకో రెండు. నిన్న ఓడిపోతూ కూడా ఊరుకోలేదు. పరుగు కోసం హోమ్ ప్లేట్ మీదకి చేతులు చాచి దూకి, మీద పడిన క్యాచర్ కింద నలిగి, మట్టి దులుపుకుని నవ్వుకుంటూ పోయాడు. వాడి నంబరు చొక్కా ఇంకెవరికీ ఇవ్వబోమని వాళ్ళ కాలేజీ అప్పుడే ప్రకటించేసింది. గేటు దగ్గర కంచు విగ్రహం కూడా పెడతారట. ఆ విగ్రహం పీఠంలో తనో ఇటుక కావడం హట్టోకి బొత్తిగా ఇష్టం లేదు.

"పొద్దున ప్రాక్టీసుకి కూడా దిగలేదు చూశావా?" అన్నాడు టకర్‌తో. "కంచె మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నములుతూ మనవాళ్ళని చూసి నవ్వుతున్నాడు. ఎంత పొగరు!"

"ఫీల్డింగుకీ దింపలేదు కోచ్. వట్టి బ్యాటింగే."

"దింపుతాడా? బలమంతా బ్యాటు కోసం దాచిపెడుతున్నాడు వాళ్ళ కోచ్. ముసలి నక్క!"

ఆఖరి ఇన్నింగ్స్ వచ్చింది. హట్టో జట్టు రెండు పరుగుల ఆధిక్యంలో ఉంది. ఇంకొక్కణ్ణి అవుట్ చేస్తే చాలు. కానీ మూడు బేసులూ గిడ్రీ జట్టువాళ్ళతో నిండిపోయి ఉన్నాయి. అప్పుడొచ్చాడు గిడ్రీ, బ్యాటు భుజాన వేసుకుని.

"ఈసారి వేళ్ళు చూపిస్తే అందరూ ఒక్కో బేసు ముందుకి జరిగి, మూడో బేసువాడు ఊరికే హోమ్ ప్లేట్‌కి వచ్చేస్తాడు కోచ్. చేజేతులా పరుగు ఇచ్చినట్టే," బతిమాలాడు టకర్. "ఒక్క బంతి వేయిద్దాం. మీకు దణ్ణం పెడతా, ఒక్కటి!"

"వాణ్ణి చూడు. బ్యాటు ఒక్కసారైనా ఊపి చూసుకున్నాడా? ఎక్కడికి కొట్టాలా అని కంచె అవతలికి చూస్తున్నాడు. ఇంతకీ మన బస్సు ఎక్కడ ఆపించావ్?"

"చర్చి వెనకాల కోచ్. అక్కడికి దేవుడు కూడా కొట్టలేడు."

హట్టోకి నవ్వొచ్చింది. నవ్వుతోపాటు కాస్త ధైర్యమూ వచ్చింది. సరే, ఒక్క బంతి అనబోయాడు. సరిగ్గా అప్పుడే గిడ్రీ ఇటు తిరిగి కన్ను గీటాడు. ఒంటిచేత్తో బ్యాటు ఎత్తి, చర్చి గోపురం వైపు చూపించాడు.

హట్టో నాలుగు వేళ్ళూ వాటంతటవే పైకి లేచాయి.

ఆధిక్యం ఒక్క పరుగుకి దిగింది. తరవాత వచ్చినవాడు ఓటిస్ అనే బక్కపలచటి కుర్రాడు. సీజనంతా వాడు బంతికంటే గాలినే ఎక్కువ కొట్టాడు. వణుక్కుంటూ, కళ్ళు మూసుకున్నాడా అన్నట్టు బ్యాటు ఊపాడు. బంతి ఫీల్డరు తల మీదుగా పోయి గడ్డిలో పడింది. ఇద్దరు హోమ్ ప్లేట్‌కి చేరి రెండు పరుగులు తెచ్చారు. ఆట అయిపోయింది.

"చూశారా మన గిడ్రీని!" మైకులో గొంతు చించుకుంటున్నారు. "ఒక్క బంతీ కొట్టకుండా ఒమాహా చేర్చాడు!"

హట్టో ఉద్యోగం పోయినట్టే. ఇంటికెళ్ళి భార్యకి ఎలా చెప్పాలో తెలియడం లేదు. అయినా మనసుకి ఒక్క ఊరట మిగిలింది. వాడికి బంతి వేయించి ఉంటే చర్చి గంట మోగి ఉండేది. తప్పు చెయ్యలేదు తను.

ఆట అయ్యాక రెండు జట్లూ వరసగా నిలబడి చేతులు కలుపుకోవడం రివాజు. హట్టో తల ఎత్తుకునే వెళ్ళాడు. గిడ్రీ వంతు వచ్చేసరికి వాడు ఎడమ చెయ్యి చాచాడు.

"కుడిచెయ్యి ఇవ్వరా అబ్బాయ్. ఓడినవాడంటే అంత లోకువా?"

గిడ్రీ అటూ ఇటూ చూసి, హట్టో చెవి దగ్గరికి వంగాడు.

"అది నిన్ననే విరిగింది సార్."