భయపడేది ఎవరు?

"అమ్మాయిని కాసేపు బయట కూర్చోబెట్టండి," అన్నాడు డాక్టర్ షాకిర్, నా మొహం చూడకుండానే. మా స్ఫాక్స్ ఊరు మొత్తానికి ఈయనే పెద్ద డాక్టరట.

నేను కదల్లేదు. "నా మూర్ఛ గురించేగా? ఇరవై ఏళ్లొచ్చాయి. చెవులు కూడా ఉన్నాయి."

"యుమ్నా!" అన్నాడు నేను బాబా అని పిలిచే మా నాన్న, డాక్టరుకని తెచ్చిన ఆలివ్ నూనె సీసాను బల్ల మీద పెడుతూ.

"నీకెందుకమ్మా, భయపడతావు," అన్నాడు డాక్టరు.

"మూర్ఛ ఉన్నవాళ్లు ఒక్కోసారి నిద్రలోనే పోతారు, అదేగా మీ రహస్యం? పోయిన నెల మా క్లాసు సుందుస్ అలాగే పోయింది. పోయేది మేము, భయపడేది మీరా?"

బాబా తల దించుకున్నాడు. "నాకు ఆరేళ్ల క్రితమే చెప్పారు తల్లీ. నీతో అనలేకపోయాను."

"భలే మగాళ్లు ఇద్దరూ!"

"అది చాలా అరుదు," గొణిగాడు డాక్టరు. "మాత్రలు మానకుండా వేసుకుంటే ఆ ముప్పు ఇంకా తగ్గుతుంది."

ఈ మాట నాకెవరూ చెప్పలేదు.

"మత్తుగా ఉంటోందని, పరీక్షల కోసం మూడు వారాలుగా రాత్రి మాత్ర పారేస్తున్నాను."

బాబా నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. డాక్టరు మొదటిసారి కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు.

"మొదటి నుంచీ చెప్పండి," అన్నాను. "ఆయనకి కాదు, నాకు."