పెండ్లి డిస్కుకు తాళం

"గిది కాపీ కాదు సుభద్రమ్మా," అని నూరుద్దీన్ డిస్కును కవర్లో పెట్టి ఆమె వైపు జరిపాడు.

"ఎందుకు కాదు? నీ మిషన్ ఖరాబైందా?"

"మిషన్ మంచిగనే ఉంది. డిస్కుకే తాళముంది."

సుభద్రమ్మ డిస్కును మళ్లీ బయటికి తీసి తిప్పి చూసింది. ఒక పక్క బిడ్డా అల్లుడూ ఉన్న ఫొటో. రెండో పక్క ఆమె ముఖమే కనిపించింది. తాళం ఎక్కడా లేదు.

ఆ కాపీ ఆమె చెల్లెలు పుష్పమ్మకు. పుష్పమ్మది కోస్గి. 1999 మార్చిలో కల్వకుర్తిలో జరిగిన ఈ పెండ్లికి ఆమె రాలేకపోయింది. ముహూర్తం రోజునే ఆమె కూతురు కాన్పుకు దవాఖానలో చేరింది. పెండ్లికూతురిని చిన్నప్పుడు సాకింది పుష్పమ్మే. "తాళి కట్టంగ చూసే నసీబు నాకు లేకపాయె," అని ఫోన్ చేసినప్పుడల్లా ఏడ్చేది. డిస్కు పంపుతానని సుభద్రమ్మ మాటిచ్చి రెండు నెలలైంది. ఇప్పుడు పుష్పమ్మ ఫోన్ చేయడమే మానేసింది.

సుభద్రమ్మ భర్త గండయ్య ముందుకొచ్చాడు. మగ్గం ఆపి, హైదరాబాద్ పోయి, దుకాణాలన్నీ తిరిగి ప్లేయర్ కొన్న మనిషి. డిస్కుల సంగతి తనకంటే తెలిసినోడు కల్వకుర్తిలో లేడని అతని నమ్మకం.

"నూరుద్దీన్ భాయ్, నాకు చెప్పకు. తాళముండేది డీవీడీకి. వీసీడీకి ఉండదు. దుకాణపాయన రెండు మిషన్లు ముంగట పెట్టి చెప్పిండు. డీవీడీల బొమ్మ మంచిగుంటది గని కాపీ కాదు, చుట్టాలున్నోళ్లు వీసీడీ కొనుక్కోవాలె అన్నడు. నాకు చుట్టాలున్నరు. వీసీడీ కొన్న."

"గది అప్పుడు గండన్నా. ఇప్పుడు వీసీడీకి గూడ తాళమొచ్చింది."

"గట్లయితే బొమ్మ మంచిగుండేదే కొందును గద."

నూరుద్దీన్ బల్ల తుడవడం మొదలుపెట్టాడు. జిల్లాలో సగం పెండ్లిళ్లకు కెమెరా అతనిదే, కోస్గిలో పుష్పమ్మ కూతురి పెండ్లితో సహా. దుకాణానికి వచ్చినవాళ్లతో వాదించి ఓడిపోయిన సందర్భం ఇంతవరకు లేదు.

"చాబీ ఎవలి దగ్గరుంది?" అని సుభద్రమ్మ అడిగింది.

"కంపెనీ దగ్గర."

"కంపెనీ ఏడుంది?"

"జపాన్ల."

"మా బిడ్డ పెండ్లికి జపానోడు తాళమేసుడేంది? పైసలు మేమిస్తిమి. అన్నం మేం పెడితిమి. నువ్వు గూడ రెండుసార్లు తింటివి."

"తిన్న. కాదంటలేను."

"మరి మా పక్కింటి జంగమ్మకు మొన్న వాళ్లింట్ల పెండ్లి కాపీ ఎట్లిచ్చినవ్?"

"గప్పటికింక తాళం ఎయ్యలే."

"ఏసింది నువ్వా, జపానోడా?"

నూరుద్దీన్ తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు. గండయ్య డిస్కు అందుకున్నాడు. "వద్దులే. హైదరాబాద్ల చేయించుకుంట."

"తాళం ఇరగ్గొడితే లోపల ఉన్నదంతా పోతది గండన్నా. పెండ్లే మిగలదు. జర నా మాటిను. ఇంకో ఫొటో ఆల్బం చేసిస్త, మీ మరదలికి పంపుండ్రి. పైసలు వద్దు."

గండయ్య భార్యను పక్కకు పిలిచాడు. "తాళం సంగతి నిజమేనే. నూరుద్దీన్ పైసలు వద్దన్నడంటే మామూలు ముచ్చట గాదు."

"ఫొటోలు దానికెందుకు? తాళి కట్టుడు కండ్లార చూస్తనంటది," అని సుభద్రమ్మ డిస్కును కొంగులో చుట్టుకుంది. "డిస్కు కోస్గికి పోకుంటే చెల్లెనే ఈడికి పిలిపిస్త. ఆదివారం చూపిస్త."

"ఈ ఆదివారమా?" అన్నాడు నూరుద్దీన్.

"నీకేమన్న పనుందా?"

"నాకేం పని," అని అతను లోపలికి వెళ్లాడు.

ఆదివారం నూరుద్దీన్ దుకాణం తెరవలేదు.

పుష్పమ్మ బస్సు దిగి వచ్చింది. అక్క మంచినీళ్లిస్తే పక్కన పెట్టింది. "రెండు నెలలాయె నన్ను యాదికి తెచ్చుకోనీకి. ఊరంత చూసినంక నేను చూడాలె," అంది.

"నా తప్పు కాదే. జపానోడు తాళమేసిండు."

"నాకేసిండా?"

గండయ్య డిస్కు పెట్టాడు. ఎదురుకోళ్లు పోయాయి, జీలకర్రా బెల్లమూ అయింది. పెండ్లికూతురు తలెత్తినప్పుడల్లా పుష్పమ్మ ముఖం కొంచెం కొంచెం తేటపడింది. మంచినీళ్లు తాగింది. "నా చేతులల్ల పెరిగిన పిల్ల," అంది. సుభద్రమ్మకు ప్రాణం లేచొచ్చింది.

తాళి కట్టే వేళకు తెర నిండా గులాబీలు కురవడం మొదలైంది. నూరుద్దీన్ మిషన్ మీద కలిపిన పూలు. డిస్కు మొత్తంలో ఇంకెక్కడా అన్ని పూలు లేవు.

"గిది చూడు మరదలా," అన్నాడు గండయ్య. "గప్పుడే కరెంటు పోయింది. నూరుద్దీన్ లైటు గూడ ఆరిపాయె. మాకు అయ్యగారే కనిపించలే. డిస్కుల చూడు, పట్టపగలు లెక్క తీసిండు. పనిమంతుడు."

సుభద్రమ్మ కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. ఈ ఘట్టం వచ్చిందంటే ఆమె ఏడుపు ఆగదు, గండయ్య ఆమె వైపు తిరిగి సముదాయిస్తూ కూర్చుంటాడు. డిస్కు వచ్చిన రోజు నుంచీ ఇంతే.

పుష్పమ్మ ఏడవలేదు. మోకాళ్ల మీద టీవీ దగ్గరికి జరిగింది.

"బావా, జర ఆపు."

గండయ్య రిమోట్ నొక్కాడు. గులాబీలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. వాటి మధ్య పసుపుతాడు పట్టుకున్న చెయ్యి ఒకటి ఉంది. పుష్పమ్మ తెర మీద వేలు పెట్టింది. ఆమె పెదవులు కదిలాయి.

"ఏమైందే?" అంది సుభద్రమ్మ, కొంగు తీసి.

"అక్కా, గీ ఆరు వేళ్ల చెయ్యి మీ అల్లునిది గాదు, మా అల్లునిది."