వృత్తాన్ని కోసిన తలుపు

"ఆ వృత్తం కాస్త చిన్నది చెయ్యమ్మా, గొడవ వదులుతుంది," అన్నాడు ఆర్కిటెక్టు, డ్రాయింగులు గీసే అమ్మాయిని తన గదికి పిలిపించి.

కంప్యూటర్‌లో ఆసుపత్రి స్నానాల గది ప్లాను ఉంది. చక్రాల కుర్చీ తిరగడానికి ఆమె గీసిన వృత్తాన్ని, తలుపు లోపలికి తెరుచుకునే మేర చూపే గీత కోస్తోంది.

"వృత్తం చిన్నదైతే కుర్చీ చిన్నదవుతుందా సార్? తలుపు బయటికి తెరుచుకునేలా పెడదాం."

"నడవాలో వచ్చేపోయేవాళ్ళకి తగులుతుంది. గీతే కదా, జరిపితే కొంప మునుగుతుందా?"

"లోపల ఇరుక్కునేది గీత కాదు సార్, మనిషి!"

"అయితే ఈ పని ఇంకొకరు చేస్తారు. నువ్వు వెళ్ళు."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. తలుపు దభాలున వేసి వెళ్ళిపోవాలనుకుంది. కానీ ఆ గదిలో బల్లకూ బీరువాకూ మధ్య తన చక్రాల కుర్చీ తిరిగే చోటు లేదు.

బల్ల జరపమని అతన్ని అడగలేదు. పళ్ళు బిగించి, కుర్చీని వెనక్కి వెనక్కి నడుపుకుంటూ గుమ్మం దాటింది.