పోటు వేళ

అంటే రోజురోజుకీ ఇష్టం తరిగిపోతోందన్నమాట. పిండిమర నడిపే బెర్నర్దీనో సోమవారం పొద్దున ఎనిమిదింటికి రొట్టెకి వచ్చి, "రోజూ ఇదే వేళకి వస్తా, కాసేపు మాట్లాడతావా?" అన్నాడు. మంగళవారం తొమ్మిది కావచ్చింది. నిన్న పది కావచ్చింది. మనసు చల్లబడ్డ మనిషి ఒక్కసారిగా మానడు, కొంచెం కొంచెంగా ఆలస్యం చేస్తాడు. ఇక రావద్దని తనే చెప్పేస్తే పరువైనా దక్కుతుంది.

కొండ ఊరి నుంచి ఈ లిస్బన్ ఎదుటి రేవుకి కొత్తగా వచ్చి రొట్టెలకొట్టు పెట్టుకున్న దియోలిందా, అలా అనుకుంటూనే పదిన్నరకి, సముద్రపు పోటు నీళ్ళతో తిరిగే ఆ పిండిమర దగ్గరికి వచ్చేసింది. మర ఆగి ఉంది. బెర్నర్దీనో తల దువ్వుకుని, పోటు నీళ్ళని చెరువులోకి వదిలే తూము తలుపు పక్కన నీళ్ళకేసి చూస్తున్నాడు.

"ఇక్కడ ఊరికే నిలబడ్డానికి తీరికుందేం?"

"ఇంకా వేళ కాలేదుగా!"

"ఎనిమిది దాటి రెండున్నర గంటలైంది."

"ఎనిమిదని నేనెక్కడన్నాను? 'ఇదే వేళ' అన్నాను. సోమవారం పోటు నిండి, మరకి పని లేని వేళకేగా వచ్చాను!"

గోతాలు కుడుతున్న అతని తల్లి పకపకా నవ్వింది.

"కొండపిల్లకేం తెలుసురా! పోటు రోజూ ముప్పావుగంట పైనే ఆలస్యమవుతుందమ్మా. వీళ్ళ తాతా అంతే, నాన్నా అంతే. మూడు రోజుల ముందు పోటు నిండిన వేళ చూసి మా పెళ్ళివేళ పెడితే, పెళ్ళిరోజు పోటు నిండాకే, రెండున్నర గంటలు ఆలస్యంగా ఆయనొచ్చాడు. పాదిరిగారు అప్పటికే భోంచేసి పడుకున్నారు."

పోటు ఆగి, నీళ్ళు వెనక్కి తిరిగాయి. తూము తలుపు దానంతటదే దభీమని మూసుకుంది.

"ఇదిగో, ఇప్పుడైంది వేళ," అంటూ బెర్నర్దీనో టోపీ అందుకున్నాడు.

అయితే ఈ మనిషి ఒక్కరోజూ ఒక్క నిమిషం ఆలస్యం చెయ్యలేదు. దియోలిందా చెయ్యి చాచి, అతని కనుబొమల మీది పిండి దులిపింది.