సమాధి మీది క్రోటన్లు

ఆ పొద్దున కూడా మట్టి తడిగానే ఉంది.

ఐసిల్డా నీళ్ళ డబ్బా కింద పెట్టేసింది. పెరట్లో అమ్మమ్మ సమాధి చుట్టూ తను గుచ్చిన క్రోటన్ కొమ్మలు ఇప్పుడిప్పుడే వేళ్ళు తొడుగుతున్నాయి. జమైకా కొండల్లో వాన చుక్క పడి ఎన్నాళ్ళో అయింది. మరి ఎవరు పోసినట్టు?

పక్కింటి రోసబెల్ పిన్ని విని గుండెలు బాదుకుంది.

"ఓసి పిచ్చిమొహమా! ఆ వేళ్ళు నాటుకుంటే మీ అమ్మమ్మ దయ్యం ఇక సమాధిలోంచి పైకి రాలేదు. అందుకే అవి కుళ్ళిపోయేలా తనే నీళ్ళు గుమ్మరిస్తోంది!"

"అమ్మమ్మా? ఊరుకో పిన్నీ!"

"రేపు పెందరాళే లేచి నువ్వే చూడు. పేరు పెట్టి పిలిస్తే మాత్రం పలక్కు, వెంట తీసుకుపోతుంది. ఉప్పు దగ్గర పెట్టుకో. అది తగిలితే మళ్ళీ రాదు."

మర్నాడు ఐసిల్డా తలుపు సందులోంచి చూసింది.

పొగమంచులో ఎవరో వంగి, బకెట్టులోంచి దోసిలితో ఒక్కో మొక్క మొదట్లో నీళ్ళు పోస్తున్నారు. ఆ వంగడం అమ్మమ్మదే. నడుం మీద చెయ్యేసుకుని లేవడమూ అమ్మమ్మదే. ఇటు తిరిగింది. ముఖం కూడా అదే, ముడతలు మాత్రం లేవు.

"ఐసీ!"

అమ్మమ్మ తప్ప ఆ పేరుతో ఎవరూ పిలవరు. ఐసిల్డా నోరు నొక్కుకుంది. పలకలేదు.

"ఒక్కసారి పలకవే, తల్లీ!"

ప్రాణం లాగేసింది. అమ్మమ్మ తప్ప తనకెవరున్నారు? పరుగెత్తి వాటేసుకోవాలనిపించింది. కానీ భయం పాడుది. గుప్పెడు ఉప్పు తీసుకుని బయటికి ఉరికి, నోరు విప్పకుండా ఆ ముఖాన కొట్టింది.

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. మిగిలిన నీళ్ళు చివరి మొక్కకి పోసి, మంచులోకి దిగి వెళ్ళిపోయింది.

మర్నాడు మట్టి ఎండి ఉంది.

"నే చెప్పలా! పీడ వదిలింది" అంది పిన్ని.

సాయంత్రం బస్సు డ్రైవర్ రాన్స్‌ఫర్డ్ గేటు దగ్గర ఆగాడు.

"అమ్మాయ్, మొక్కలకి నీళ్ళు పోస్తున్నావా? కనుక్కోమంది."

"ఎవరు?"

"రోజూ చీకట్లోనే రేవు నుంచి నా బస్సులో వచ్చేదే, ఆవిడ. తలుపు తట్టే ధైర్యం చాల్లేదట. నిన్న పనామా ఓడెక్కి పోయింది. ఇక రాదట."

ఐసిల్డా గేటు పట్టుకుంది.

"ఎవరు మావా ఆవిడ?"

రాన్స్‌ఫర్డ్ టోపీ తీసి చేత్తో నలిపాడు.

"పురుట్లోనే పోయిందని చెప్పి పెంచింది మీ అమ్మమ్మ, ఊరందరి నోరూ మూయించింది గానీ... నిన్ను కన్నతల్లి, అమ్మాయ్."