సులువైన నమూనా

“మీ పగ మీ ఇంట్లో పెట్టి రండమ్మా. ఈ కిట్టును మాత్రం మీరు ముట్టుకోవద్దు,” అన్నాడు డైరెక్టర్.

మేడమ్ సరేనంది. ఆయన కింద ఆ ల్యాబ్‌కు ఆమే హెడ్డు. రక్తంలో ఎయిడ్స్ వైరస్ ఉందో లేదో చెప్పే కిట్లు ఏవైనా సరే, అమ్మకానికి వెళ్లే ముందు అక్కడ నెగ్గాలి. కింద ఆమె సంతకం పడాలి. పట్టుకున్న తప్పును చచ్చినా వదలదని వెనకాల అందరూ ఆమెను ఉడుంపట్టు అంటారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు.

డైరెక్టర్ భయమూ నిజమే. ఈ కిట్టు పేరు కొత్తదే గాని కంపెనీ పాతదే. వెనకటికి ఈ కంపెనీ కిట్టు మంచిదని తేల్చిన ఒక సీసా రక్తం వల్లే ఆమె పాప పోయింది. పాపం, పసిగుడ్డుకు పుట్టగానే ఆ రక్తం ఎక్కించారట అని ల్యాబ్‌లో చెప్పుకుంటారు. ఆ ఊసెత్తితే ఆమె లేచి వెళ్లిపోతుంది. అందుకని ఎవరూ ఎత్తరు.

అప్పట్లో ఆమె కంపెనీ యజమానిని వెతుక్కుంటూ వెళ్లింది. ఆయన కుర్చీ చూపించాడు. మంచినీళ్లు తెప్పించాడు. “ఏ పరీక్షయినా వందకు ఒకటి తప్పుతుంది చెల్లెమ్మా, ఏం చేస్తాం,” అన్నాడు.

ఆ ఒకటి ఆమె కూతురు. గ్లాసు ముట్టకుండా లేచి వచ్చేసింది. ఈ నీళ్లిచ్చినవాడి చేత ఏదో ఒకనాడు మూడు చెరువుల నీళ్లు తాగించాలని మెట్లు దిగుతూనే అనుకుంది. కాలం గడిస్తే పగ చల్లారుతుందంటారు. చల్లారదు, పైన నివురు కప్పుకుంటుంది, అంతే.

పరీక్షలు టెక్నీషియన్ అమ్మాయి చేసింది. డైరెక్టర్ పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు. మేడమ్ అద్దం తలుపు అవతల చేతులు కట్టుకుని నిలబడింది. కంపెనీ పంపిన రక్తపు నమూనాలు ఒక్కొక్క చుక్కా ప్లాస్టిక్ పట్టీల మీద పడుతున్నాయి. ఒక గీత వస్తే రక్తం మంచిది. రెండు వస్తే వైరస్ ఉన్నట్టు. రెండు రావాల్సిన చోటల్లా రెండే వచ్చాయి, గుడ్డివాడికి కూడా కనిపించేంత ఎర్రగా. ఒక్కటీ తప్పలేదు.

మీటింగు గదిలో యజమాని కాగితాలు ఆమె ముందుకు జరిపాడు. జుట్టు నెరిసింది గాని గొంతులో ఆ తీపి అలాగే ఉంది.

“జరిగిందేదో జరిగింది. ఇక సంతకం పెడతారా చెల్లెమ్మా?”

“మీరు పంపినవన్నీ సులువైన నమూనాలు,” అంది మేడమ్. “జబ్బు బాగా ముదిరినవాళ్లవి కొన్ని, ఏ జబ్బూ లేనివాళ్లవి కొన్ని. నిన్నగాక మొన్న సోకినవాళ్ల రక్తం లేదు. ఏళ్ల తరబడి మందులు వాడుతున్నవాళ్లది లేదు. కిట్టు సత్తా తెలిసేది అక్కడ.”

“ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది,” అని నవ్వాడు యజమాని.

“అలాంటివి తప్పనిసరిగా పంపాలని రూల్సులో లేదమ్మా,” అని డైరెక్టర్ నసిగాడు.

“సరే. నా కళ్ల ముందు ఆయన పంపని రక్తం ఒక్కటి ఆయన చేత్తో ఆయన్నే పరీక్షించమనండి. నెగ్గితే సంతకం పెడతాను.”

యజమాని గది చుట్టూ చూశాడు. నాలుగు గోడల మధ్య ఉన్నది టెక్నీషియన్ అమ్మాయితో కలిపి నలుగురే. ఆయన బుర్ర లెక్కల్లో పాదరసం. నోరు మూయించాల్సిన మనిషి రక్తంతోనే ఆమె నోరు మూయిస్తే పీడ విరగడవుతుంది.

“ఎవరిదో ఎందుకు, మీదే ఇవ్వండి. నేను మాయ చేశానని రేపు మీరనడానికి ఉండదు గదా.”

మేడమ్ వెంటనే ఒప్పుకోలేదు. తల వంచుకుని గోళ్లు చూసుకుంది. ఓడిపోయిందని డైరెక్టర్‌కు జాలేసింది. పోనివ్వండి అని సర్దిచెప్పబోయాడు. అంతలో ఆమె చెయ్యి చాపింది.

“గ్లవ్స్ వేసుకోండి.”

“చెల్లెమ్మ వేలు పట్టుకోవడానికి గ్లవ్స్ ఎందుకు?”

“వేసుకోండి.”

ఆయన భుజాలు ఎగరేసి వేసుకున్నాడు. వేలి కొస మీద సూదితో పొడిచి, చుక్కను పట్టీ మీద వేశాడు. అందరూ దాని మీదికి వంగారు. ఒక గీత వచ్చింది. చూడాల్సినంత సేపూ చూశారు, ఇంకాస్త సేపు చూశారు. రెండోది రాలేదు.

“చూశారా? మా కిట్టుకు పగలూ పంతాలూ తెలియవు.”

“గట్టిగా చెప్పండి. డైరెక్టర్ గారు వినాలి.”

“ఈమె రక్తంలో వైరస్ లేదు.”

“రాసి సంతకం పెట్టండి.”

పెట్టాడు. పేరు కింద గీత కూడా గీశాడు. తర్వాత పెన్ను ఆమెకు అందించాడు. మేడమ్ దాన్ని తీసుకుని బల్ల మీద పెట్టింది. టేబుల్ సొరుగులోంచి సిరంజి తీసి, తన మోచేతి మడతలో తనే గుచ్చుకుని, గొట్టం నిండా రక్తం పట్టింది.

“దీన్ని మన పెద్ద మిషన్ మీద పెట్టు. జాగ్రత్తగా పట్టుకో తల్లీ,” అని టెక్నీషియన్‌కు ఇచ్చింది. “రిజల్ట్ వచ్చేదాకా ఎవరూ కదలొద్దు.”

“ఏ మిషన్ మీద పెట్టినా నిజం మారదు చెల్లెమ్మా,” అన్నాడు యజమాని, కుర్చీలో వెనక్కి వాలుతూ.

“మారదు,” అంది మేడమ్. ఆమె నవ్వగా చూడటం డైరెక్టర్‌కు అదే మొదలు.

ఆనాడు ఆ సీసా రక్తం ఎక్కించింది పాపకు కాదు, పాపను కన్న ఆమెకు. పాపకు వైరస్ చనుబాలతో చేరింది.