లేవని చెయ్యి

ఎదురుగా ముసలి హార్లన్ ట్రాక్టరు రాగానే పాటగాడు రాయిస్ కారులోంచి చెయ్యెత్తాడు. ఆ పల్లెదారిలో ఎదురైన ప్రతి బండికీ చెయ్యెత్తడం మర్యాద. ముసలాయన చెయ్యి లేవలేదు.

రాయిస్ దిగి, అడ్డంగా నిలబడి కేకేసి ట్రాక్టరు ఆపించాడు. "నీ మీద నేను కట్టిన పాటకి కోపమా, మామా?"

"ఓ, రాయిస్‌వా! కోపమెందుకురా? టెనెసీ రాష్ట్రమంతా నవ్వుతోందటగా. ఆ పాట వీడియోలో నా వేషం కట్టినవాడు ఆవుకీ, దిష్టిబొమ్మకీ చెయ్యెత్తాడని మా ఆవిడ చెబితే నేనూ నవ్వాను."

"నువ్వు చూళ్ళేదా?"

"రెండేళ్ళుగా కళ్ళు మసకరా. ఎదురుగా ఉన్నది మనిషో, మొద్దో తెలీదు. ఎవర్నీ పలకరించకుండా పోకూడదని అన్నిటికీ చెయ్యెత్తేవాణ్ణి. ఇప్పుడు ఎత్తాలంటే సిగ్గేస్తోంది."

ట్రాక్టరు కదిలింది. రాయిస్ చెయ్యెత్తాడు. ఆయనకది కనబడదని తెలిసీ దించలేకపోయాడు.